అవ్వ పెరడు, నెలరోజుల కూర

నేను ఏడో తరగతిని మూడేళ్లు చదివాను. ఆ గదిలో ఏ బల్లకు ఏ కాలు కుంటిదో నాకు తెలిసినంతగా హెడ్మాస్టరుకు కూడా తెలియదు. పరీక్షలో ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈపాటికి కలెక్టరై ఉండేవాణ్ణి. అడగలేదు కాబట్టి మొన్న పొద్దున మదనపల్లెలో మా ఇంటి వెనకాల చెప్పుల్లేకుండా నిలబడి, పసుపు ఆకు ఒకటి తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మామిడల్లం, పచ్చిమట్టి, తడిసిన బూడిద కలిసినట్టుండే ఆ వాసన తగలగానే పుంగనూరులో మా అవ్వ వెనకాల, జారిపోతున్న నిక్కరు ఎగలాక్కుంటూ నడిచే పిల్లవాణ్ణయిపోయాను. ఆ పసుపు నేను నాటింది కాదు. అది ఎలా వచ్చిందో చివర్లో చెప్తాను, నా పరువు పోయే సంగతి కాబట్టి.

అవ్వ మా నాయన తల్లి. కుప్పం పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చినప్పుడు ఒక చేతిలో అనప విత్తనాల మూట, ఇంకో చేతిలో తడిగుడ్డలో చుట్టిన తమలపాకు తీగ పట్టుకొని బస్సు దిగిందట. ఆకుకూరను బతికినంతకాలం అరవ మాటతో ‘కీర’ అనే పిలిచింది. ఇంటి వెనకాల ఉన్న పది సెంట్ల పెరట్లో ఆమె ఏనాడూ తాడు పట్టి సాళ్లు గీయలేదు, పాదులు కొలవలేదు. మునగచెట్టు పల్చటి నీడలో కరేపాకు, దాని మొదట్లో పసుపు, అవిసచెట్టును పట్టుకొని పైకి పాకిన తమలపాకు, నిమ్మచెట్టు ముళ్ల మీదుగా దొండతీగ, గిన్నెలు కడిగే జాలాడి నీళ్లు పారేచోట అరటి, ఆ అరటి కాళ్ల దగ్గర ఏనుగు చెవులంత ఆకులతో చేమ, వీటన్నిటి మధ్య ఖాళీ కనబడిన ప్రతిచోటా ఎవరూ చల్లకుండానే మొలిచే ఆకుకూరలు, చిర్రాకు, గంగపాయల, దొగ్గలాకు. లోపలికి పోతే మిట్టమధ్యాహ్నం కూడా కుండ అడుగున చెయ్యి పెట్టినట్టు చల్లగా ఉండేది. చలికాలం వస్తే కంచె మీది అనపకాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చొని ఒక్కొక్క గింజనూ వేళ్లతో పితికితే తోలు నుంచి పప్పు ఎగిరి ఎవరి ముఖానికో తగిలేది. ఆ పితికిపప్పు పులుసు వేడి రాగి సంగటి గుంటలో పోసుకొని తినేటప్పుడు మాత్రమే నాయన నోరు మూసుకునేవాడు.

మిగతా వేళల్లో నాయనకు ఆ పెరడంటే పడేది కాదు. ఆయన టమోటా రైతు. టమోటా అంటే వరస. ఒకే కొలతలో సాళ్లు, ఒకే ఎత్తులో ఊతకర్రలు, మధ్యలో గడ్డిపోచ కనబడితే అవమానం.

నాకు మాత్రం అక్కడ ప్రతిదీ అనుమానమే. నాటని మొక్క ఎలా వచ్చింది? పిట్ట మింగిన మిరపగింజ మొలిస్తే కారం తగ్గుతుందా? నేను నాటిన పసుపుకొమ్ము మొలిచిందో లేదో చూద్దామని రోజూ సాయంత్రం తవ్వి, చూసి, మళ్లీ పూడ్చేవాణ్ణి. ఆరో రోజు అవ్వ పట్టుకుంది.

“ఏం సేస్తాండావురా?”

“మొలిసిందేమో సూస్తాండా అవ్వా.”

“నిన్నుగూడా మీయమ్మ కడుపులోనించి దినామూ తీసి సూసింటే నువ్వు పుట్టుండేటోడివేనా?”

ఏడో తరగతి మూడోసారి పోయాక నన్ను బడి మాన్పించి, చేతికి కొడవలి ఇచ్చి టమోటా చేలో కలుపుకు పంపారు. ఆ విద్యలో మాత్రం ఫస్టు క్లాసు. సాలు మొదట్లో కూర్చుంటే చివర లేచేసరికి నా వెనకాల నేల క్షవరం చేసినట్టుండేది.

తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం. టమోటా పెట్టెలు పెట్టుకోవడానికి చోటు చాలక నాయన పెరట్లో రేకుల షెడ్డు వేస్తానన్నాడు. ఇనుప పైపులు కూడా తెచ్చి గోడకు ఆనించాడు. అవ్వ తమలపాకుకు సున్నం రాస్తూ వింది.

“నా అడివి నీకేం అడ్డమొచ్చెరా రెడ్డెప్పా?”

“అడివి కాకుంటే ఇంగేమి? కూరకు మళ్లా సంతకే కదా పోతాండాము. తిననుకిలేని చెట్లు యాల?”

అవ్వకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. “నెల దినాలు సంతకు పోకుండా, దినామూ ఈ పెరట్లోదే కూర సేసి పెడతా. ఒక్కపూట తప్పినా నీ రేకులు నువ్వు ఏసుకో.”

“నా చేనులోనించి ఒక్క టమోటా గూడా ఇయ్యను సూడు.”

“నీ టమోటా నీ నెత్తిన పెట్టుకో. దాన్నేమన్నా మా కుప్పంలో దేవుడనుకుంటిమా?”

ఉప్పు, పప్పు, చింతపండు, చెనిక్కాయలు ఇంట్లోవి వాడుకోవచ్చు. కూర మాత్రం పెరట్లోదై ఉండాలి. కూరకు బదులు ఊరిబిండి పచ్చడి నూరి నెట్టుకొస్తే ఓడినట్టే. నిజానికి మాకెవ్వరికీ నమ్మకం లేదు. మండుటెండల్లో, సంత మొహం చూడకుండా నెలా? కానీ నాకు కూడా తెలియని తిండి ఆ నీడల్లో ఇంకెంత దాక్కుని ఉందో చూడాలని కాళ్లు దురద పెట్టేవి. తెల్లారగానే అవ్వ గంపతో లోపలికి పోవడం, నేను వెనకాల పోవడం. మునగపువ్వుతో చెనిక్కాయపొడి వేపుడు. పచ్చి బొప్పాయి కూటు. అవిసాకు పొరుటు. నిమ్మచెట్టు మీద నుంచి నేను గీరుకుంటూ కోసుకొచ్చిన దొండకాయలు. చేమాకును చింతపండు పూసి చుట్టలు చుట్టి ఆవిరికి పెట్టిన రోజు, పక్కింటి ఆవిడ గోడ మీద గడ్డం ఆనించి, “ఈ పొద్దు ఏందమ్మా?” అని అడిగి గిన్నె చాపింది. చిర్రాకును మాత్రం అవ్వ ముట్టుకోనివ్వలేదు. “అది ఎనకటికి. అన్నీ అయిపోయినాక అదే కాపాడల్ల,” అనేది.

పదకొండో రోజు పొద్దున్నే అవ్వ కూర చేసి పెట్టి, కుప్పంలో తమ్ముడి ఇంట్లో నామకరణానికి బస్సెక్కింది. రాత్రికల్లా వస్తానంది. ఆమె వచ్చేలోపల ఏదో ఒకటి చేసి శభాష్ అనిపించుకోవాలని నాకు పుట్టింది. నాకు చేతనైన పని ఒక్కటే కదా. కొడవలి తీశాను. పొద్దు తిరిగేసరికి నాటినట్టు కనబడని ప్రతిదాన్నీ, గింజ కట్టిన చిర్రాకుతో సహా, కూకటివేళ్లతో పెకలించి జాలాడి వెనక మూలకు విసిరేసి, నేలను పొరకతో ఊడ్చి నీళ్లు చల్లాను. చిర్రాకు ముట్టొద్దందని గుర్తులేక కాదు. ముదిరి, గింజకట్టి, వంగిపోయిన ఆ మొక్కలు నా కంటికి కలుపులాగే కనబడ్డాయి.

దీపాలవేళకు అవ్వ వచ్చింది. వాకిలి దాటి, పెరటి గడప దగ్గర ఆగి, కుప్పం నుంచి తెచ్చిన అరటిపళ్ల సంచి కింద పెట్టి, తనూ కింద కూర్చుంది.

“ఎనక పదైదు దినాలకని దాచిన కీర పీకేస్తివి కదరా అబ్బోడా.”

తిట్టలేదు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేవాణ్ణి. అంతలో నాయన వచ్చి చూసి భుజం తట్టాడు. “శానా బాగుండాదిరా. ఇంగ గుంతలు తవ్వేదే బాకీ.” నా పనికి నాయన మెచ్చుకున్నది ఆ ఒక్కసారే, అది అలా చేదుగా దిగింది.

ఆ తర్వాత రోజులు లెక్కపెట్టుకుంటూ తిన్నాం. అవ్వ ఒక అరటిచెట్టు కొట్టి లోపలి దూట తీసి, వేలికి నార చుట్టుకుంటూ తరిగి పెసరపప్పులో వండింది. ఇంకో అరటికి పువ్వు వస్తే అదీ కూరయింది. చేమదుంపలు తవ్వింది. మునగాకు నాలుగు రకాలుగా మారువేషం వేసుకొచ్చింది. ఇరవై ఎనిమిదో రోజు రాత్రి గంపలో కరేపాకు తప్ప ఏమీ మిగల్లేదు. నాయన గోడ దగ్గర పైపులు లెక్కపెట్టుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున అవ్వ నా చేతిలో పొయ్యి బూడిద పెట్టి, “ఆ మూల పారేసిరాపో,” అంది. నేను పీకిన కుప్ప వైపు అన్ని రోజులూ సిగ్గుతో పోలేదు. పోయి చూస్తే కుప్ప కనబడలేదు, దాని మీద జానెడెత్తున పచ్చటి దుప్పటి కప్పి ఉంది. రాలిన గింజలన్నీ ఒక్కసారే లేచాయి, లేత చిర్రాకు, చీపురు పెట్టడానికి సందు లేకుండా. వేళ్లతో సహా పీకి పడేసిన గంగపాయల పడ్డచోటే వేళ్లూని పాకుతోంది. కింద చూస్తే జాలాడి నీళ్లు అరటి వైపు కాకుండా ఇటు పారుతున్నాయి. కాలువను ఎవరో కాలి బొటనవేలితో తిప్పినట్టు గీత ఉంది.

“అవ్వా! నీల్లు ఈ పక్క యాల పారతాండాయి?”

“నీల్లకు దోవ నేర్పేదానికి నేనేమన్నా అయివోరమ్మనా? కొయ్, కొయ్. పొయ్యి మీద పప్పు ఉడుకుతాండాది.”

ఆ పూట పప్పుకీర, మర్నాడు పులుసు. ముప్పయ్యో రోజు నాయన సంగటి రెండోసారి పెట్టించుకొని, గిన్నె అడుగు గీకి, చెయ్యి కడుక్కొని, పైపుల వైపు చూశాడు.

“షెడ్డు చేను కాడ ఏస్తాలేమ్మా. ఈడ పాములు తిరుగుతాయి.”

“అవునప్పా, పాములుంటాయి,” అంది అవ్వ, ఎంత గంభీరంగా అంటే ఇప్పటికీ నాకు ఆ గొంతు పట్టుబడలేదు.

అవ్వ రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు పోయింది. పెరడు వాటాలయి, ఇప్పుడక్కడ నాలుగు బాడుగ గదులు, నీళ్లు ఇంకని సిమెంటు నేల. తమలపాకు తీగ ఎవరూ తెచ్చుకోలేదు. చిర్రాకు సంతలో రబ్బరుబ్యాండు వేసుకొని అమ్ముడుపోతోంది. దొగ్గలాకు పేరు చెబితే మా పిల్లలు నేను తిడుతున్నాననుకుంటారు.

అందుకే మదనపల్లెలో ఇల్లు కట్టుకున్నాక వెనకాల రెండు సెంట్లలో అలాంటి అడివే పెంచాలనుకున్నాను. ఫోనులో వీడియోలు చూసి, నర్సరీలో మొక్కలు కొని, ఎత్తు చెట్టు, దాని కింద పొట్టి చెట్టు, దాని కింద దుంప అని కాగితం మీద బొమ్మ గీసి, ఒక్కొక్కదానికీ పేరు రాసిన అట్టముక్క గుచ్చాను. వేసవి దాటేసరికి అట్టముక్కలు నిలబడ్డాయి, మొక్కలు పోయాయి. కానీ బట్టలుతికే బండ వెనక, మా ఆవిడ బూడిద, తొక్కలు, కుళ్లిన పచ్చిపసుపు దుంపలు పారబోసే మూలలో బొప్పాయి కాసింది, గుమ్మడి పాకింది, వాటి నీడలో పసుపు మొలిచింది. నేను నలిపి వాసన చూసింది ఆ పసుపే. ఆవిడ మా మేనత్త కూతురు. అవ్వ నగలు ఎవరి వాటాకు పోయాయో తెలియదుగానీ నాలుక మాత్రం ఈమె వాటాకు వచ్చింది. ఆకు పట్టుకొని, ఈ కథంతా ఆమెకు చెప్పి, “సూస్తివా, మా అవ్వ ఇద్య నాకూ వచ్చిండాది,” అన్నాను.

ఆమె చేట దులుపుతూ ఒకసారి నా అట్టముక్కల వైపు, ఒకసారి ఆ మూల వైపు చూసింది.

“నువ్వు నాటినేవి ఎండిపోయె, నేను పారేసినేవి కాసె. రేపట్నించి నిన్నుగూడా తీసి ఆడే పారేస్తా బావా, ఏమన్నా కాస్తావేమో సూద్దాం.”