తడిక మూయవద్దు

మాలకొండయ్యకు మతి చలించినప్పుడల్లా రాచర్ల దగ్గరి ఆ పల్లెవారికి తెలిసిన వైద్యం ఒక్కటే: చుట్టుముట్టి, పడదోసి, గొలుసుతో బండికి కట్టడం. కిందటిసారి గొలుసు ఒరిసిన పుండు మానడానికి వానకాలమంతా పట్టింది. ఆ పుండు కడిగీ కడిగీ, అతని తల్లి గోవిందమ్మ ఒకనాడు సువార్తమ్మ గుమ్మం ముందు నిలబడింది.

సువార్తమ్మ మద్రాసులో మానసిక రోగుల ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి, భర్త పోయాక, తెలుగువారికి వేరే రాష్ట్రం వచ్చిన ఏడు సొంత ఊరు చేరింది.

"నేనొక్కదాన్నే ఎన్నిమార్లు వస్తా? మీ మగోళ్లను పంపు, గొలుసు లేకుండా నెమ్మదిపరిచేది నేర్పిస్తా," అన్నది.

వాళ్లు నవ్వుకుంటూనే వచ్చారు. ప్రార్థనమందిరం వెనుక ఆమె మతి చలించినదానిలా కర్ర ఎత్తి, కళ్లురిమి నిలబడేది. ఒక్కొక్కరే దగ్గరికి రావాలి.

"అవ్వా, నీకన్నా నా పెండ్లామే భయంకరంగా ఉంటది," అన్నాడు మస్తానయ్య.

"అట్లయితే ఆమె ముందర ఎట్ల నిలబడతావో ఇక్కడా అట్లనే నిలబడు. చేతులు కనపడనీ. గొంతు తగ్గించు."

అందరూ నవ్వారు. మస్తానయ్య గొంతు మాత్రం నిజంగానే తగ్గింది.

ఒక్కరే మాట్లాడాలి. కర్ర, తలపాగా పక్కన పెట్టాలి. అన్నిటికీ మించి, రోగి బయటపడే దారి వదలాలి. ఈ చివరిదే మాలకొండయ్య అన్న అంకయ్యకు ఒంటబట్టలేదు. పుట్టినప్పటినుంచి మందను కాచినవాడు. సందు కనబడితే తెలియకుండానే అడ్డం నిలిచేవాడు.

"ఏంది అంకయ్యా, నేను గొర్రెనా?" అని సువార్తమ్మ కసిరేది.

చివరికి అంకయ్యే తమ్ముడి ముందు నిలవాల్సి వస్తుందని ఆమె భయపడిందే జరిగింది. ఒక సాయంత్రం మాలకొండయ్య కొడవలితో గొర్రెల దొడ్డిలో దూరి, "కట్టేసేదానికి వస్తాండారు!" అని అరవసాగాడు. చుట్టూ కంపదడి, దారి ఒక్కటే, తడిక. దానికెదురుగా మస్తానయ్య జొన్నచేను. అంకయ్య వల్ల కాకపోతే గొలుసేనని ఊరు తేల్చింది. గొలుసు పట్టుకొని ఇద్దరు వెనుక సిద్ధంగా ఉన్నారు.

సువార్తమ్మ తానే లోపలికి పోదామనుకుంది. కాని ఆమెను చూస్తే మద్రాసుకు పంపుతారని అతడు మరింత బెదురుతాడు. దడి చాటున గోవిందమ్మ చేయి పట్టుకొని నిలబడింది.

అంకయ్య తలపాగా తీశాడు. తడిక తొలగించి, దారి వదిలి, పక్కగా కూర్చున్నాడు.

"తమ్ముడూ, నేను, అంకన్నను."

ఒక గొర్రె బయటికి వచ్చింది. దాని వెనుక మరి రెండు. తరువాత మందంతా జొన్నచేనివైపు సాగింది.

"నా చేను!" అన్నాడు మస్తానయ్య, గొంతు తగ్గించే.

అంకయ్య చేయి తడికవైపు లేచింది. సువార్తమ్మకు అరవడానికి లేదు, మాట్లాడవలసినది ఒక్కరే. ఆ చేయి గాలిలో ఆగి, మెల్లగా మోకాలిమీదికి దిగింది.

"మంద పోతాంది, కనపడలేదా?" అన్నాడు మాలకొండయ్య.

"కనపడతాంది."

"మూయి మరి."

"నువ్వు బయటికొచ్చినాక మూస్తా."

మాలకొండయ్య తెరిచి ఉన్న దారినీ, అన్న ఖాళీ చేతులనూ చూశాడు. తరువాత కొడవలితోనే, అన్న భుజాన్ని రాసుకుంటూ బయటికి నడిచాడు. అంకయ్య కదలలేదు. చేనిగట్టున మాలకొండయ్య కొడవలి కింద పడేసి, రెండు చేతులూ నోటికి చేర్చి మందను పిలిచాడు.

వెనుక గొలుసు గలగలమంది. సువార్తమ్మ చేయెత్తి వాళ్లను ఆపింది.

గొర్రెలు తిరిగి దొడ్డి చేరాయి. తడిక వేయబోయిన మస్తానయ్యను ఆమె వారించింది:

"ఉండు. అతన్నే మూయనీ."

మాలకొండయ్య బయట నిలిచి తడిక మూశాడు. గోవిందమ్మ ఏడుస్తూ కొడుకు దగ్గరికి నడిచింది. గొలుసు పట్టుకున్నవాళ్లు ఇక దాన్ని ఏం చేయాలో తోచక సువార్తమ్మ ముఖం చూశారు.

"రేపు పొద్దున మందిరం వెనక్కి రాండి," అన్నది ఆమె. "జబ్బు మళ్ల రాకుండా ఉండదు."