రెండో కుర్చీ

పెద్దాసుపత్రి మందుల కౌంటరు వెనక కూర్చునే ఆవిడని రోగులంతా మాత్రలమ్మ అంటారు. అసలు పేరు ఆవిడ తెల్లకోటు మీద రాసే ఉంటుంది గానీ, నొప్పితో వచ్చినవాళ్ళు కోట్లు చదవరు. నలభై దాటాక ఆవిడకి చదువు పిచ్చి పట్టింది. పిచ్చి అన్నది ఆవిడ భర్త మాట. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. ఆవిడ మందుల ఆర్థికశాస్త్రంలో మాస్టర్స్‌కి చేరానని చెప్పిన రోజున, "ఇన్నాళ్ళూ మందులు ఇచ్చేదానివి, ఇప్పుడు బేరాలు కూడా నేర్పుతారా?" అన్నాడు.

ఆయన అన్నది మరీ తప్పేమీ కాదు. ఒక కొత్త మందు వల్ల మనుషుల బతుకు ఎంత బాగుపడుతుంది, పెట్టే ఖర్చుకి ఆ బాగు సరితూగుతుందా అని తూచి చూసే చదువు అది. ఆవిడని అందులోకి నెట్టింది అక్క. అక్క వీళ్ళింట్లోనే ఉంటుంది. ఒకప్పుడు స్కూలు యూనిఫాంలు కుట్టి, ఆ మిషను మీదే చెల్లెల్ని ఫార్మసీ చదివించింది. తర్వాత కీళ్ళవాతం వచ్చి వేళ్ళ కణుపులన్నీ వాచిపోయాయి. మిషను మీద దుప్పటి కప్పేసి, "నువ్వు చదువుకోవే, వంటిల్లు నేను చూసుకుంటాను" అంది. అన్నట్టే చూసుకుంది, బిగుసుకున్న డబ్బా మూతలు మాత్రం మరిది చేత తీయించుకుంటూ.

మాత్రలమ్మ ప్రాజెక్టు కూడా ఆ జబ్బు మీదే పడింది. మాత్రలకి లొంగని కీళ్ళవాతానికి కొత్తగా ఒక ఇంజెక్షన్ వచ్చింది. పనిచేస్తుంది, ఖరీదు మాత్రం కళ్ళు తిరిగేలా ఉంది. దాన్ని ఆసుపత్రిలోకి తేవాలా వద్దా అని మందుల కమిటీ తర్జనభర్జన పడి, యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరమ్మని లెక్క కట్టి చెప్పమంది. ప్రొఫెసరమ్మ ఆ పని తన దగ్గర చదివే మాత్రలమ్మకి అప్పగించింది. ఇంజెక్షన్ వస్తే అక్కకీ దొరుకుతుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరి మనసులోనూ ఉంది.

లెక్కకి మూలం ఒక ప్రశ్న. ఆ శాస్త్రం కనిపెట్టినవాళ్ళెవరో గుండె రాయి చేసుకుని కనిపెట్టి ఉంటారు. ఇంకో పదేళ్ళు ఈ జబ్బుతోనే బతుకుతావనుకో, లేదా అంతకంటే తక్కువ కాలం, కానీ ఏ బాధా లేకుండా. ఆ సుఖం కోసం ఎన్నేళ్ళు వదులుకుంటావు? ఎక్కువ వదులుకుంటానంటే జబ్బు అంత భారమన్నమాట, మందు అంత అవసరమన్నమాట. ఏమీ వదులుకోనంటే, జబ్బుతో సుఖంగానే ఉన్నారని పుస్తకం రాసుకుంటుంది.

ఆసుపత్రిలో అడిగేముందు ఒకసారి ఇంట్లో అడిగి చూద్దామనుకుంది. అక్క మంచం మీద కూర్చుని ఉంది, భర్త ఎదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ప్రశ్న వినగానే అక్క మొహం చిట్లించింది.

"ఇదేం చదువే? ఎన్నాళ్ళకి పోతావని అడగడానికి కాలేజీ పెట్టారా?"

"పోవడం గురించి కాదక్కా. ఊరికే అనుకుని చెప్పు."

"ఒక్క రోజు కూడా వదలను. రాసుకో."

"కూరగాయలవాడి దగ్గర కొసరు వదలని మనిషి, వదిన గారు ఏళ్ళు వదులుతారా?" అన్నాడు భర్త. ముగ్గురూ నవ్వుకున్నారు.

మర్నాటి నుంచి కౌంటరు పక్క గదిలో రోగుల్ని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. గదిలో రోగి ఒక్కరే ఉండాలని క్లాసులో చెప్పారు. కానీ తలుపు వేసి, ఎన్నేళ్ళు వదులుకుంటారని అడిగితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. మొదటి రోజే ఒక పెద్దావిడ కంగారుపడి కూతుర్ని పిలవమంది. జాలిపడి మాత్రలమ్మ రోగి పక్కన రెండో కుర్చీ వేసింది. కొడుకో కోడలో వచ్చి అందులో కూర్చునేవారు. అప్పట్నుంచి పని నల్లేరు మీద నడకలా సాగింది. ఎవరూ కంగారుపడలేదు. దాదాపు అందరూ ఒకటే మాట, "ఏమీ వదులుకోనమ్మా, నాకేం, బాగానే ఉన్నాను." పక్క కుర్చీలోవాళ్ళు తలూపేవారు.

వాళ్ళలో సెలూన్ పెద్దాయన ఒకడు. కత్తెర వేళ్ళకి ఎక్కడం మానేశాక దుకాణం కొడుకు చేతికి ఇచ్చేశాడు. కొడుకు పక్కన ఉండగా ఆయనా అదే చెప్పాడు. కొడుకు బండి తేవడానికి వెళ్ళగానే, గోడ పట్టుకుని వెనక్కి నడిచి వచ్చాడు.

"అమ్మా, ఇందాకటిది మళ్ళీ అడగండి. వాడు లేడు."

మాత్రలమ్మకి బస్సు టైమైంది. కంప్యూటరు కట్టేసింది. "రాసేశానండీ, ఇంక మార్చడానికి ఉండదు" అంది.

అది అబద్ధం. మార్చడానికి క్షణం పట్టదు. పెద్దాయన "సగం ఇచ్చేస్తానమ్మా, ఊరికే చెబుతున్నాను" అని వెళ్ళిపోయాడు. బస్సులో ఆవిడకి సీటు దొరికింది గానీ, మనసు కుదురుగా లేదు. తను వేసింది కుర్చీ కాదు, నోటికి తాళం అని ఆ సీట్లోనే తెలిసింది. తెలిసీ మర్నాడు ఆ కుర్చీ తీయలేదు. తీస్తే అప్పటిదాకా అడిగినదంతా బూడిదలో పోసిన పన్నీరే, మళ్ళీ మొదటి నుంచి అందరినీ అడగాలి. చదువు ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. పగలు కౌంటరు, రాత్రి పుస్తకం, ఆవిడ నిజంగానే అలిసిపోయింది. అలిసిపోయినవాళ్ళకి తమ తప్పు ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది.

లెక్క చూసి ప్రొఫెసరమ్మ మెచ్చుకుంది. "శుభ్రంగా చేశారు. ఈ జబ్బు మనం అనుకున్నంత భారం కాదని వస్తోంది. ఇంజెక్షన్ అక్కర్లేదని కమిటీకి చెబుతాను. సోమవారం వాళ్ళు కూర్చుంటున్నారు."

మాత్రలమ్మకి సెలూన్ పెద్దాయన గుర్తొచ్చాడు. "సరేనండీ" అంది. ఆ ఒక్క మాట అన్నందుకు దారి పొడుగునా తనని తాను తిట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి మిషను మీది దుప్పటి తీసి ఉంది. అక్క తెల్లకోటు కుడుతోంది, మరిది పక్కన కూర్చుని చక్రం తిప్పుతున్నాడు. బస్సు నడిపినంత శ్రద్ధగా తిప్పుతున్నాడు.

"పెద్ద చదువు అయిపోతోంది కదా, కొత్త కోటు లేకపోతే ఎలా?" అంది అక్క. "కుట్టు కాస్త తాగినవాడిలా నడిచింది, ఏమనుకోకు."

ఆ వంకర కుట్టు చూసేసరికి మాత్రలమ్మకి కోటు చేతిలోకి తీసుకోవడానికి మొహం చెల్లలేదు. భర్త స్నానానికి లేచాక మెల్లిగా అడిగింది.

"అక్కా, ఆ రోజు ఒక్క రోజు కూడా వదలనన్నావు. నిజమేనా?"

అక్క దారం కొరికి తెంపింది. "మరిది గారు ఎదురుగా కూర్చుని నా కోసం ఉల్లిపాయలు తరుగుతుంటే, నాకు బతుకు భారంగా ఉందని చెప్పనా? ఈ ఇంట్లో నాకేం తక్కువైందో అనుకోరూ? నీ చదువుకి పనికొచ్చేదే చెప్పానులే, నీ పని పూర్తయిందిగా."

ఆ రాత్రి మాత్రలమ్మ అన్నం కెలికి వదిలేసింది. అక్క కూడా అడిగినవాళ్ళని నొప్పించకుండా జవాబు చెప్పింది, ఆసుపత్రిలో అందరూ అలాగే చెప్పారు. వాళ్ళ మంచితనాన్నే మూటగట్టి, వాళ్ళకి రావలసిన మందు ఆపడానికి తను సాయం చేసింది. ఆ ఆలోచన ఎటు తిరిగి పడుకున్నా వదల్లేదు.

మర్నాడు సెలవు పెట్టి ప్రొఫెసరమ్మ దగ్గరికి వెళ్ళింది. కుర్చీ సంగతి చెప్పింది. సెలూన్ పెద్దాయన సంగతి కూడా దాచలేదు.

"ఇది మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"చాలా రోజుల నుంచి తెలుసండీ."

ప్రొఫెసరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కోప్పడి ఉంటే మాత్రలమ్మకి బాగుండేది. "కమిటీని ఆగమంటాను. అంతా మళ్ళీ అడగాలి. మీకు ఈ ఏడాది పట్టా రాదు" అంది. "ఇంకో మాట. ఈసారి అడిగేది మీరు కాదు. మందులిచ్చే చేతికి చేదు మాట ఎవరూ చెప్పరు. ఇక్కడ చదివే మీ జూనియర్ అడుగుతుంది."

ఆ మాట సూటిగా తగిలింది, ఎందుకంటే అది ఆవిడకి తట్టనే లేదు. ఇంట్లో చెబితే భర్త ఏ జోకూ వేయలేదు. అక్క మాత్రం, "పోనీలే, కోటు కుట్టు విప్పి తిన్నగా కుట్టడానికి నాకూ ఏడాది దొరికింది" అంది.

జూనియరమ్మాయి మళ్ళీ అడగడం మొదలుపెట్టింది. గదిలో ఇప్పుడు రోగికి ఒక్కటే కుర్చీ. సెలూన్ పెద్దాయన వచ్చాడు. మాత్రలమ్మ కౌంటరు వదిలి ఎదురెళ్ళి, "ఆ రోజు మీకు అబద్ధం చెప్పానండీ, క్షమించండి" అంది. ఆయన ఆవిడ మొహంలోకి చూసి, "ఈసారి మార్చడానికి ఉంటుందామ్మా?" అని అడిగాడు. ఉంటుందని ఆవిడ చెప్పాక లోపలికి వెళ్ళాడు. కొడుకు వరండాలో ఆగాడు.

అక్క వంతు కూడా వచ్చింది. అక్క కూడా ఆ ఆసుపత్రి రోగే కదా. మాత్రలమ్మ అక్క చెయ్యి పట్టుకుని గది దాకా నడిపించి, అలవాటుకొద్దీ తనూ లోపలికి అడుగు పెట్టింది.

"మేడమ్, వెంట వచ్చినవాళ్ళు బయటే ఉండాలి" అంది జూనియరమ్మాయి, కాస్త మొహమాటంగా.

"వెళ్ళవే" అంది అక్క. "నువ్వుంటే నేను చెప్పలేను."

తలుపు మూసుకుంది. సెలూన్ పెద్దాయన కొడుకు నిలబడిన చోటే మాత్రలమ్మ నిలబడింది. అక్క బాధ గురించి ఇన్నాళ్ళూ చదివింది, లెక్కలు కట్టింది, ఒకే వంటింట్లో పక్కపక్కన మసిలింది. ఆ మాట వినడానికి మాత్రం తను పనికిరాదు. ఏడుపొచ్చింది గానీ, కౌంటరు దగ్గర జనం చూస్తున్నారని ఆపుకుంది.

అనుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. ఒకే ఒక్క ప్రశ్నకి అంతసేపు దేనికి? చివరికి తలుపు తీసుకుని జూనియరమ్మాయి వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చెప్పింది?" అంది మాత్రలమ్మ. అడగకూడదని తెలిసే అడిగింది.

"మీకు చెప్పొద్దన్నారు మేడమ్."

లోపల అక్క కుర్చీలోంచి లేవడానికి రెండు మోచేతులూ ఆనించి తంటాలు పడుతోంది. మాత్రలమ్మ వెళ్ళి చంకల కింద చెయ్యేసి లేపింది. అక్క పైట సర్దుకుని, "పద, మరిది గారు బస్సు ఆపుకుని మన కోసం చూస్తుంటారు" అంది. ఇద్దరూ మెల్లిగా నడిచారు, మాత్రలమ్మ ఇంకేమీ అడగలేదు.