స్వరాజ్యం లెక్కపెట్టిన ఊపిరి

జంగయ్య విమానాశ్రయం ఉద్యోగుల బస్సు నడిపేవాడు. పొద్దున్నే కొత్తూరులో మనుషులను ఎక్కించుకుని శంషాబాద్‌లో దింపడం అతని పని. మంచి డ్రైవరని పేరుంది. ఇంట్లో గురక పెడతాడనీ పేరుంది. భార్య స్వరాజ్యం ఆ గురక గురించి ఎప్పుడూ విసుక్కోలేదు. నిద్రలో ఊపిరి ఆగుతోందని, ఒకసారి దవాఖానకు పోదామని మాత్రం అనేది. తనను రోగిష్ఠివాణ్ణి చేస్తోందని జంగయ్యకు కోపం వచ్చేది. ఒకసారి రాత్రి ఆమె భుజం పట్టి కుదిపి లేపినందుకు నానా మాటలూ అన్నాడు. ఆ తర్వాత ఆమె చెప్పడం మానేసింది.

స్వరాజ్యం కాటేదాన్‌లో ఒక బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ చేసేది. పదకొండేళ్లుగా అక్కడే. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేదీ ఆమే. 2010లో బల్ల మీద కునుకు తీస్తూ రెండుసార్లు దొరికింది. మూడోసారికి పనిలోంచి తీసేశారు. ఆ ఆదివారం చుట్టాలంతా కూర్చుని ఉండగా జంగయ్య, "ఇంట్ల పండుడు సాలక కంపినీల గూడ పన్నది," అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆమె చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

రెండేళ్లకు ఒక ఉదయం, విమానాశ్రయం గేటు దగ్గర వరుసలో బస్సు ఆపుకుని ఉన్న జంగయ్యకు కన్ను మూతపడింది. బ్రేకు మీంచి కాలు జారి బస్సు పక్క రెయిలింగుకు గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, బస్సు తాళాలు తీసుకుని, పరీక్ష చేయించుకు రమ్మన్నారు. దవాఖానలో డాక్టరమ్మ అతని భార్యను పిలిపించింది.

"ఊపిరి ఆగుతది మేడం," అంది స్వరాజ్యం. "నేను లెక్కవెడుత. పది దాక పోతది, ఒక్కోపారి ఇరువై. ఇగ గుంజుకుంటడు. అప్పటిదాక నా పానం నిలవదు."

ఎన్నాళ్లుగా అని అడిగితే ఆరేళ్లంది.

"మరి మీరెప్పుడు పడుకుంటారమ్మా?"

ఆ ప్రశ్న తనకు ఒక్కనాడూ తోచనందుకు జంగయ్య తల ఎత్తలేకపోయాడు.

పరీక్షలో జబ్బు తేలికపాటిదేనని తేలింది. నిద్రలో ఊపిరి ఆడించే మిషన్ అక్కర్లేదన్నారు. బరువు తగ్గాలి, సాయంత్రం కల్లు మానాలి, వెల్లకిలా పడుకోకూడదు, అంతే. జంగయ్య బనీను వీపున జేబు కుట్టించి అందులో రబ్బరు బంతి పెట్టుకున్నాడు. వెల్లకిలా తిరగబోతే అది వీపుకు ఒత్తుకోవడంతో మళ్లీ పక్కకు ఒత్తిగిల్లేవాడు. ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గాడు. రెండోసారి పరీక్ష చేసి బాగుందన్నారు, బస్సు మళ్లీ చేతికిచ్చారు. స్వరాజ్యానికి మాత్రం నిద్ర కుదరలేదు. అలవాటుకొద్దీ మెలకువ వచ్చి, అతని ఊపిరి విని పడుకునేది.

ఇంత చిన్న పని ఆమె చెప్పిననాడే చేసి ఉండాల్సిందని జంగయ్యను లోపల తొలిచేది. ఆమెకు చెప్పకుండా కాటేదాన్ వెళ్లి మేనేజరును బతిమాలాడు. ప్యాకింగ్‌కు మిషన్లు వచ్చాయని, మనుషుల పని లేదని అతను చెప్పి పంపించాడు.

"నీ పని నా వల్లనే పోయింది," అన్నాడు జంగయ్య ఇంటికొచ్చి. "మందిల నవ్విన గూడ."

ఆమె బియ్యం ఏరుతూనే ఉంది. "అందరు నవ్వినా, నువ్వొక్కనివి నవ్వకుంటే సాలనుకున్న ఆనాడు," అంది.

జంగయ్య ఆమె ఎదురుగా కూర్చుని తనూ రాళ్లు ఏరసాగాడు.