బంటికి తోడు వెతికిన బాపు

పొయ్యి మీద చాయ పెట్టిననో లేదో ఎల్లారెడ్డి నుంచి ఫోనొచ్చింది. కంపౌండర్ బాపు పోయిండట. పశువుల దవాఖానల చేసి రిటైరైన పెద్దమనిషి. నాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. అయినా పొయ్యి బంద్ చేసి ఆడ్నే కూసున్న.

నిజం చెప్పాలంటే, ఏడుపు కంటె ముందు నాకు బంటి సంగతి యాదికొచ్చింది. బంటి నా కుక్క, ఏడాది గూడ నిండని టెర్రియర్. కామారెడ్డిల నేను టైలర్ దుకాణానికి పోంగనే ఊళ మొదలువెట్టేది, సాయంత్రందాక ఆపకపోయేది. "ఇంకొక్కసారి ఇది గిట్ల అరిస్తే కుక్కనన్న పంపు, ఇల్లన్న ఖాళీ చెయ్" అని ఇంటి ఓనరమ్మ ఖరాఖండిగ చెప్పేసింది. ఎవరో చెప్తే బంటిని ఎత్తుకొని బాపు దగ్గరికి పోయిన. "దీనికి రోగం లేదు బిడ్డా, తోడు లేదు. ఇంకో కుక్కను తెచ్చుకో" అన్నడు.

మా దిక్కు కుక్కపిల్లను తెచ్చుకునేటప్పుడు గోర్లు లెక్కవెడ్తరు. ఇరవై ఉంటే ఇంటికి కలిసొస్తదంటరు. నేను గూడ భిక్నూర్‌ల ఒకరింట్ల పిల్లలన్నిటి కాళ్లు పట్టి చూసి, ఇరవై గోర్ల తెల్లపిల్లను ఏరుకొని, ఉశారుగ బాపు ముందుకు తీస్కపోయిన.

ఆయన కండ్లద్దాలు నుదుటి మీదికెక్కిచ్చి నవ్విండు. "బంటి ఆ గోర్లతోని ఏం జేసుకుంటది? రెండు పసిపిల్లల్ని లోపలేసి తాళమేసి పోతవా? ఒకటి ఏడిస్తే ఇంకోటి అందుకుంటది. దీనికి నిమ్మలమైనది కావాలె."

నాకు కోపమెక్కువ. "మీకు నచ్చేది ఏడ దొరుకుతదో మీరే చెప్పుండ్రి" అని నోరుజారిన. ఆయన తెల్లపిల్లకు నీళ్లు తాపిండు. దాన్ని మళ్ల భిక్నూర్‌ల ఇచ్చొచ్చిన.

ఆదివారం బంటిని తీస్కొని రమ్మన్నడు. దవాఖాన ఎనక తిరిగే నల్లకుక్కను చూపెట్టిండు. కర్రి అని పిలుస్తడు. నాలుగేండ్ల ఊరకుక్క, ఒక చెవు చినిగి ఉన్నది. "ఇదా?" అన్న మొఖం ముడుసుకొని.

"నీకు కాదు, బంటికి" అన్నడు.

ఇంట్ల కలపొద్దు, ఎదురెదురుగ నిలవెట్టొద్దు అన్నడు. కోసిన మడి గట్టెంబడి రెండింటినీ పక్కపక్కకు నడిపిచ్చినం, ఒక తాడు ఆయన చేతుల, ఒకటి నా చేతుల. బంటి ఎగిరింది, మొరిగింది, కర్రి తోక పట్టి గుంజింది. కర్రి ఒక్కసారి గుర్రుమన్నది. బంటి గమ్మున కూలబడ్డది. కాసేపటికి కర్రి గూడ దాని పక్కన్నే కూసున్నది.

"చూసినవా, బెదిరిచ్చింది గని ఇడ్సిపెట్టి పోలేదు" అన్నడు బాపు.

ఇంకో రెండు ఆదివారాలు నడిపిచ్చినంకనే కర్రిని నాకిచ్చిండు. గిన్నెలు యేరేరుగ పెట్టమన్నడు. మొదలు పది నిమిషాలు తాళమెయ్యి, తర్వాత అర్ధగంట, తొందరపడకు అన్నడు. అందాక కుట్టుడంత ఇంట్లనే వెట్టుకున్న. తాళమేసి ఉంచుడు రెండు గంటల దాక వచ్చింది. అప్పుడే ఈ ఫోను.

రెండింటికీ అన్నం పెట్టి, తాళమేసి, బస్సెక్కిన.

ఎల్లారెడ్డిల ఆ గల్లీ నిండ జనమే. వచ్చిన రైతులల్ల సగం మంది పేర్లు ఆయనకు యాదుండకపోయేవి, ఎవరి బర్రె ఎప్పుడు ఈనిందో మాత్రం ఠక్కున చెప్పేటోడు. కాళ్లకు దండం పెట్టిన. గప్పుడు గూడ మనసు సగం కామారెడ్డిలనే ఉన్నది, సిగ్గయింది. ఆయనతోని ఒక్కనాడన్న మంచిమాట మాట్లాడలేదు నేను. ఎప్పుడు పోయినా నా బాధలే చెప్పుకున్న. ఆ కొరత ఇంకా ఉన్నది.

తిరిగొచ్చేసరికి పొద్దుగూకింది. ఓనరమ్మ నడుం మీద చేతులేసుకొని గేటు కాడ నిలవడ్డది. ఇగ అయిపోయింది అనుకున్న.

"పొద్దుగాల్నుంచి సప్పుడే లేదు. ఏమైనయో ఏందోనని కిటికీలకెల్లి చూసిన. మంచిగ పండుకున్నయి" అన్నది.

తాళం తీసిన. కర్రి మెడ మీద తలవెట్టి బంటి పండుకొని ఉన్నది. నన్ను చూసి తోక రెండుమాట్ల ఊపింది, లేవలేదు. ఈ ముచ్చట అందరికంటె ముందు చెప్పాల్సిన మనిషి లేడని అప్పుడు తెలిసొచ్చింది. గడప మీద కూలబడి వాడకట్టంత వినేటట్టు ఏడ్సిన.

అప్పుడు లేచినయి రెండూ. కర్రి వచ్చి నాకు ఒక పక్కకు కూసున్నది. దానెనకనే వచ్చి బంటి ఇంకో పక్కకు.