తలుపు దగ్గర మార్తమ్మ

మార్తమ్మంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. తరవాత ఆవిడ గురించి ఒకటి రెండు మంచి మాటలు చెప్పాల్సి వస్తుంది. అవి నా నోట ఎలా వచ్చాయా అని మీరు తికమక పడకూడదు.

మేము బెంగళూరులో తెలుగు నాటకాలు వేస్తాం. వారమంతా ఆఫీసుల్లో ఊడిగం చేసి, శనివారాలు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అపార్టుమెంటు క్లబ్‌హౌసులో రిహార్సళ్ళకు చేరతాం. శశిధర్ మా దర్శకుడు. మార్తమ్మ స్టేజి మేనేజరు. ప్రతి నటుడూ వచ్చాడా, వేషం వేసుకున్నాడా, పట్టుకోవాల్సిన సామాను పట్టుకున్నాడా, మొదటి మాట గుర్తుందా అని చూసి, ఆ తరవాత గంట కొట్టడం ఆవిడ పని. ఇంతమాత్రం పనికి అంత పొగరు అవసరమా అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆవిడది బెంగళూరు అంచునున్న వర్తూరు. అది పల్లెగా ఉన్న రోజుల్లోనే వాళ్ళ తాత హిందూపురం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. నాన్న జోగయ్య చెరువు గట్టున ఆవులు మేపి, పాలు పోసి బతికాడు. ఇప్పుడు గట్టు పక్కన తలెత్తి చూస్తే మెడ పట్టేసే ఫ్లాట్లు. వాటి మధ్య మార్తమ్మ పెంకుటిల్లు ఒక్కటే మిగిలింది. ఎంతమంది బిల్డర్లు వచ్చినా గుమ్మం దగ్గరే నిలబెట్టి పంపించిందట. మనుషుల్ని గుమ్మం దగ్గర నిలబెట్టడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఆ విద్యను ఆవిడ ఉద్యోగంలోనూ వాడుకుంది. ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు నర్సుగా పనిచేసి రిటైరయింది. కత్తి పెట్టేముందు పేషెంటు తన పేరు తానే చెప్పాలి, ఏం ఆపరేషనో తానే చెప్పాలి. పెళ్ళాం తరఫున పక్కనున్న మొగుడు నోరు తెరిస్తే, "కోసేది నిన్నా, ఆమెనా?" అని అడిగేదట. ఆ మొగుళ్ళ మీద నాకు జాలి లేదు గానీ, ఆ గొంతు ఎలా ఉండి ఉంటుందో మాత్రం నాకు బాగా తెలుసు.

భర్త ఐజాక్ పోయాక గోడలతో మాట్లాడలేక, చర్చిలో క్రిస్మస్ నాటకం ఏర్పాట్లు చూసుకోవడానికి ఒప్పుకుంది. అక్కడ దేవదూతల్ని కూడా వరసలో నిలబెట్టి పేర్లడిగిందట. ఆ సంగతి ఎవరో చెబితే శశిధర్ ముచ్చటపడి మా దగ్గరికి తీసుకొచ్చాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

రాగానే మూడు షరతులు పెట్టింది. ప్రతి పాత్రకీ ఇంకొకరు మాటలు నేర్చుకుని సిద్ధంగా ఉండాలి. నాటకానికి అరగంట ముందు మేకప్ గది తలుపు మూస్తుంది, మూశాక రాజుగారొచ్చినా తియ్యదు. చివరిది అన్నిటికన్నా ఒళ్ళు మండేది. తలుపు మూశాక ఒక్కొక్కరి ముందూ నిలబడి అరచెయ్యి చాపుతుంది. "ఉండావా?" అని అడుగుతుంది. మనం ఆ చేతిలో చెయ్యి వేసి, "ఉండా" అని చెప్పి, మన మొదటి మాట అప్పజెప్పాలి. ఒకరి తరఫున ఇంకొకరు పలక్కూడదు. పెద్ద పెద్ద టీముల్ని నడిపేవాళ్ళు కూడా ఒకటో తరగతి పిల్లల్లా చెయ్యి చాపి నిలబడాలి.

ఈ చివరి షరతు మావాళ్ళకు అసలు ఎక్కలేదు. ఈ ఊళ్ళో "ఫైవ్ మినిట్స్" అన్న మనిషి ఇంకా స్నానం చేస్తుంటాడని అందరికీ తెలుసు. పక్కవాడి కోసం "వచ్చేస్తున్నాడు, దార్లో ఉన్నాడు" అని చెప్పడం స్నేహధర్మం. ఆఫీసు కాల్సులో రోజూ చేసే పనే. ఈవిడ దగ్గర అది పెద్ద నేరం.

ఇక నా గొడవకు వస్తాను. పోయిన ఏడాది నాటకంలో నాది భార్య పాత్ర, ముఖ్యమైనదే. చూడడానికి నంద్యాల నుంచి మా అమ్మ వచ్చింది. మా దూదేకుల ఇళ్ళల్లో ఆడపిల్ల స్టేజి ఎక్కడమంటే ఇంకా మూతి ముడిచే పెద్దలున్నారు. వాళ్ళందరితో పోట్లాడి, "నా బిడ్డ ఏం చేస్తాదో నేనే చూసొచ్చి చెప్తా" అని బస్సెక్కింది. ఆవిడ హాల్లో కూర్చుంది. నేనేమో వర్తూరు రోడ్డులో ఇరుక్కుపోయాను. నీళ్ళ ట్యాంకరు రోడ్డుకడ్డంగా పడిపోతే తప్పు నాదా? కౌశల్‌కు మెసేజి పెట్టాను. వరంగల్ కుర్రాడు, మంచివాడు. నా తరఫున "ఫర్హానా ఉంది ఆంటీ, చీర కట్టుకుంటోంది" అనేశాడు. మార్తమ్మ చీర మార్చుకునే తెర తీసి చూసింది. తెర వెనక చీర ఉంది, నేను లేను.

నేను పరిగెత్తుకొచ్చి తలుపు బాదేసరికి ఇంకా గంట కొట్టలేదు.

"మార్తమ్మా, ఉండాను, తియ్యండి. మా అమ్మ వచ్చి కూచోని ఉండాది."

"నువ్వు లేవమ్మా. రంజిత ఉండాది" అని లోపల్నుంచి జవాబు వచ్చింది.

నా పాత్రకు మాటలు నేర్చుకుని సిద్ధంగా ఉన్న రంజిత నా చీర కట్టుకుని నాటకం ఆడింది. మా అమ్మ ఆ రంగుల్లో గుర్తుపట్టలేక, సగం దాకా రంజితనే నేననుకుని కళ్ళొత్తుకుంటూ చూసిందట. రంజిత పక్కకు తిరిగినప్పుడు, ఇది నా బిడ్డ ముక్కు కాదే అని అనుమానం వచ్చిందట. బయటికొస్తే మెట్ల మీద నేను ఏడుస్తూ కూర్చుని ఉన్నాను. ఊరికి పోయి పెద్దలకు ఏం చెప్పాలో తెలియక, బిడ్డకు జ్వరమొచ్చిందని అబద్ధం చెప్పింది. ఆ రోజు నుంచి నాకు మార్తమ్మ కనిపిస్తే కడుపులో మంట.

ఏడాది పాటు బతిమాలితే మా అమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారీ నాది భార్య పాత్రే. భర్త రిటైరైన బస్సు కండక్టరు. ఆ పాత్ర లలిత్‌ది. లలిత్ మా సంఘానికి హీరో. పోస్టరు మీద అతని ముఖమే, నా చెవి కొంచెం కనిపిస్తుంది. రిహార్సల్‌కు వస్తే మనల్ని ఉద్ధరించడానికి వచ్చినట్టు వస్తాడు. ఆ రోజు ఢిల్లీ నుంచి విమానం దిగి, దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా హాలుకొస్తానన్నాడు. నేను మాత్రం మధ్యాహ్నం వాచ్‌మన్ అన్నం తింటుండగానే హాలు ముందు నిలబడ్డాను. మా అమ్మను మూడో వరసలో కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి చీర కట్టుకున్నాను.

మార్తమ్మ తలుపు మూసి, దానికి అడ్డంగా ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది. లలిత్ లేడు. కౌశల్ ఈసారి బుద్ధిగా నోరు మూసుకున్నాడు. లలిత్ పాత్రకు బదులు మనిషి అతనే. గోడకు తిరిగి మాటలు గొణుక్కుంటున్నాడు.

కాసేపటికి తలుపు మీద చప్పుడు. లలిత్ గొంతు, శశిధర్ గొంతు కలిసి వినిపించాయి. మార్తమ్మ స్టూలు మీద నుంచి కదల్లేదు. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అనుభవించరా నాయనా అనుకున్నాను. శశిధర్ లలిత్‌ను అక్కడే ఉంచి, తన తాళంచెవితో వెనక తలుపు తీసుకుని స్టేజి మీదుగా లోపలికొచ్చాడు.

"మార్తమ్మ గారూ, ఈ ఒక్కసారికి. ముందు వరసలో స్పాన్సర్లు కూర్చున్నారు. జనం వచ్చింది లలిత్‌ని చూడ్డానికి."

"తలుపు మూసినానప్పా."

"మూసింది మీరే కదా, తీయండి. లేదంటే చెప్తున్నా, వచ్చే నాటకానికి మీరు రానక్కర్లేదు."

మార్తమ్మ రిహార్సళ్ళకు అందరికన్నా ముందొచ్చి, ఎవరూ చెప్పకుండానే నేల ఊడ్చుకుని కూర్చునే మనిషి. ఈ శనివారాలు పోతే ఆవిడకు మళ్ళీ ఆ పెంకుటిల్లూ, గోడలే. అది నాకు తెలుసు, శశిధర్‌కూ తెలుసు. తెలిసే అక్కడ నొక్కాడు.

ఆవిడ లేచింది. స్టూలు పక్కకు జరిపింది.

లలిత్ లోపలికొచ్చాడు. "థాంక్యూ ఆంటీ, ట్రాఫిక్ మామూలుగా లేదు" అని కండక్టరు కోటు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. చెవిలో ఇంకా బ్లూటూత్ ముక్క ఉంది.

ట్రాఫిక్ అట. నా ట్యాంకరు ట్రాఫిక్ కాదు కాబోలు. ఏడాదిగా నేను మార్తమ్మను తిట్టుకున్నాను గానీ, తిడుతూనే ఒక ముక్క నమ్ముకున్నాను: ఆవిడ రాక్షసి అయినా అందరికీ రాక్షసే. ఇప్పుడు వీడికి తలుపు తెరుచుకుంటే ఆ రోజు నాకు జరిగింది నియమం కాదు. నన్ను చూసి, ఇది పోతే పోయిందిలే అనుకున్నారు, అంతే. మా అమ్మ వేరేవాళ్ళ ముక్కును చూస్తూ కూర్చున్నది అందుకన్నమాట.

మార్తమ్మ వరసగా అడగడం మొదలుపెట్టింది. గొంతులో ఎప్పటి కరుకు లేదు. కౌశల్ ఉండా అన్నాడు. రంజిత ఉండా అంది. లలిత్ నవ్వుతూ చెయ్యి వేసి, "ఉన్నా ఆంటీ, ఉన్నా" అన్నాడు. మొదటి మాట ఆవిడ అడగలేదు. నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"ఫర్హానా, ఉండావా?"

"లేను."

లలిత్ కోటు గుండీలు పెట్టుకోవడం ఆపాడు.

"ఎదురుగా నిలబడి లేనంటావేమి?"

"పోయిన ఏడాది తలుపు బయట నిలబడి ఉండాను అంటే మీరు లేవన్నారు. ఇప్పుడు లోపల నిలబడి నేనే చెప్తా ఉండా. ఆయనుంటే నేను లేను."

"ఫర్హానా, ఇప్పుడిది పర్సనల్ చెయ్యకు" అన్నాడు లలిత్.

"పర్సనలే" అన్నాను.

శశిధర్ వాచీ చూసుకున్నాడు. "రంజితా, చీర కట్టుకో. భార్య నువ్వే."

బయట మూడో వరసలో మా అమ్మ కూర్చుని ఉంది. నోరు మూసుకుని చెయ్యి వేసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు మళ్ళీ రంజిత, మళ్ళీ మెట్లు, మళ్ళీ ఊళ్ళో జ్వరం. అయినా చెయ్యి చాపలేదు. చాపితే నా మీద నేనే ఉమ్మేసుకున్నట్టు ఉండేది.

రంజిత లేచి, శశిధర్‌ను కాకుండా మార్తమ్మను చూసింది. మార్తమ్మ నన్ను చూస్తోంది. ఆ చూపులో ప్రేమ గీమ ఏమీ లేదు. చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది. తరవాత దాన్ని చీరకు తుడుచుకుంది.

"రంజితమ్మా, నువ్వు కూచో" అంది. లలిత్ వైపు తిరిగింది. "ఆ కోటు విప్పు నాయినా. కౌశల్ తొడుక్కుంటాడు."

"ఆంటీ, హాలు నిండింది నా ఫోటో చూసి" అన్నాడు లలిత్.

"ఫోటో బయటే ఉండాదిలేప్పా. దాన్నెవరూ పీకరు."

"మార్తమ్మ గారూ, మీకు ఇదే ఆఖరి నాటకం" అన్నాడు శశిధర్.

"ఆఖరిదయితే సరిగ్గానే చేస్తానప్పా. ఊరికే బేజారు చేసుకోవద్దు, బయటికి పో." పాత గొంతు తిరిగొచ్చింది. మళ్ళీ నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. "ఉండావా?"

"ఉండా."

"మొదటి మాట?"

"'ఈ పూటైనా టిక్కెట్టు అడక్కుండా అన్నం తింటావా?'"

"కొంగు తప్పు పక్కన వేసినావు. సరిచేసుకో" అని పోయి గంట కొట్టింది.

నాటకం బ్రహ్మాండంగా జరిగిందని చెప్పాలని నాకూ ఉంది. జరగలేదు. కౌశల్ రెండో సీనులో మాటలు మింగేశాడు. నేను జనానికి వీపు పెట్టి అందిస్తే వాటినీ తప్పు చెప్పాడు. చప్పట్లు మర్యాదకు కొట్టారు. లలిత్ అప్పటికే కారెక్కి వెళ్ళిపోయాడు. కానీ మూడో వరసలో మా అమ్మ మొదటి నుంచి చివరి దాకా నన్నే చూసింది. అది నాకు స్టేజి మీద నుంచే కనిపించింది.

తెర పడ్డాక ఆవిడ లోపలికొచ్చింది. నా గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, నేనేనని నిర్ధారించుకుంది. తరవాత నేరుగా మార్తమ్మ దగ్గరికి నడిచింది.

"పోయిన సారి నా బిడ్డను బయట పెట్టింది నువ్వేనా?"

"నేనే" అంది మార్తమ్మ, సామాను సర్దుకుంటూ.

"కన్నతల్లి అంత దూరం నుంచి వచ్చి కూచోని ఉండాదని చెప్పినా తలుపు తియ్యలేదంట. ఎట్ల నిద్రపట్టింది నీకు?"

"బాగా పట్టిందక్కా" అంది మార్తమ్మ. సర్దడం ఆపి మా అమ్మ ముఖంలోకి చూసింది. "ఈ పొద్దు ఆ అబ్బున్ని రానిచ్చింటే పట్టుండేది కాదు."

మా అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఆటోలో దారంతా తిట్టింది. నిద్రపట్టిందంట, చూడు దాని కొవ్వు, మనింటికొస్తే గడప బయటే నిలబెడతా అంది. నేనూ వంత పాడాను. కలిసి తిట్టుకుని చాలా రోజులైంది.

మర్నాడు మా వాట్సాప్ గ్రూపులో శశిధర్ మెసేజి పెట్టాడు. మార్తమ్మ గారు వయసు రీత్యా విశ్రాంతి తీసుకుంటున్నారట. ఇకపై తెర వెనక పనులు లలిత్ చూస్తాడట. వచ్చే నాటకానికి ఎవరెవరు ఉన్నారో చెప్పమన్నాడు. బొటనవేళ్ళు, నమస్కారాలు బారులు తీరాయి. ఉన్నా, ఉన్నానండి, నేనూ ఉన్నా. కౌశల్ తనది చెప్పి ఊరుకోకుండా, పాత అలవాటు కొద్దీ, "రంజిత కూడా ఉంది, ఫర్హానా కూడా ఉంది" అని రాశాడు.

మార్తమ్మ మీద ప్రేమ పుట్టుకొచ్చిందని ఎవరైనా అనుకుంటే వాళ్ళ ఖర్మ. ఆవిడంటే నాకు ఇప్పటికీ పడదు. కౌశల్ రాసిన దాని కింద నేను ఒక్క మాట రాశాను.

లేను.