ప్లగ్గుకు పూసిన రంగు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోసే మనిషిని. నార్కట్‌పల్లి అడ్డరోడ్డు మీద ఎవరినైనా అడగండి. ఈ మోటారు మిస్త్రీ చెప్పిన మాటలో ముప్పావు వంతు తీసేసి, మిగిలినదాన్ని సగం నమ్మమంటారు. తొండ కనబడితే మొసలిని చేస్తాను. కానీ పదేళ్లుగా ఒక సంగతి గుండె మీద ఇంజను దించినట్టు కూర్చుంది. దాన్ని పెంచి చెప్పలేను, తగ్గించీ చెప్పలేను. అసలు ఎవరికీ చెప్పనే లేదు. మీరు నన్ను ఎరగరు గనక మీకు చెబుతున్నాను.

అప్పుడు మా చుట్టుపక్కల మోటారుసైకిల్ ఒక్కటే. దవాఖాన డాక్టర్ సాబ్‌ది. విలాయతీ బండి, రెండు దున్నపోతుల బరువు. నేను ఒంటిచేత్తో ఎత్తేవాణ్ణి. ఆయన ఊరూరా తిరిగి మందులిచ్చేవాడు. చేలల్లో ఉన్నవాళ్లు రోగిని ఎత్తుకొని పరిగెత్తి వచ్చేసరికి బండి ఊరు దాటేది. అందుకని ఒకరోజు వచ్చి, "జర చప్పుడు పెంచు మిస్త్రీ, నేనొస్తున్న సంగతి ముందే ఎరుకైతది," అన్నాడు.

పెంచాను. సైలెన్సర్ పొట్టలోని రేకులన్నీ పెరికేశాను. గాలి లోపలికి పోయే చోట దుమ్ము ఆపే జాలీ కూడా తీసేశాను. డాక్టర్ సాబ్ నసుగుతూ, "గాలి పెరిగింది గదా, పెట్రోలు జెట్టు మార్చాల్నేమో?" అన్నాడు. అడ్డరోడ్డు మీది పదిమందీ అక్కడే ఉన్నారు. "రోగాలు మీరు చూడుండ్రి సాబ్, ఇంజను నేను చూస్త," అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

బండి స్టార్టు చేస్తే కోళ్లు నెల రోజులు గుడ్లు పెట్టడం మరిచాయి. ఎక్కడో దూరాన మక్తల్‌లో మా మామ ఉలిక్కిపడ్డాడని ఉత్తరం వచ్చింది. చేలల్లో కూలీలు ఆ చప్పుడు వినగానే పని ఆపి, రోగులను రోడ్డు పక్కకు చేర్చేవారు. నా మీసం రెండంగుళాలు పెరిగింది.

వారం తిరగకముందే బండి దగ్గడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కితే కార్బురేటర్ టప్‌టప్‌మని తుమ్మేది. ఇంజను మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చు. ఇంజనులో నిప్పు రాజేసే ప్లగ్గు విప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఎందుకో నాకు తెలుసు. గాలికి దారి వెడల్పు చేశాను, పెట్రోలుకు చెయ్యలేదు. పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్కే జెట్టు. పెద్ద రంధ్రం జెట్టు వేస్తే అరగంట పని. నా దగ్గర అది లేదు. బొంబాయికి ఉత్తరం రాశాను. ఒకటి కాదు, ఏడు. జవాబు రాలేదు. పోనీ, పీకిన రేకులూ జాలీ మళ్లీ పెట్టాలా? అడ్డరోడ్డంతా నవ్వదా?

ప్లగ్గు సరిగ్గా కాలితే ఇటుక రంగులో ఉంటుంది. నేను లాంతరు చిమ్నీ మసిలో చిటికెడు ఇటుక పొడి కలిపి, చుక్క నూనెతో రంగరించి, పెళ్లికూతురికి బొట్టు పెట్టినంత శ్రద్ధగా ప్లగ్గుకు పూశాను. డాక్టర్ సాబ్ రాగానే చేతిలో పెట్టాను.

"ఇదేందయ్యా, మొన్న తెల్లగుండె?"

"మొన్న దానికి జరమొచ్చింది సాబ్. ఇయ్యాల దిగింది."

"అయితే నువ్వే డాక్టర్‌వి. దూరం పోవచ్చునా?"

"హైద్రాబాదు దాక పోండ్రి. ఫికరే వద్దు."

ఫికరే వద్దు. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చింది?

నాలుగో రోజు, నడి ఎండాకాలం. మర్రిగూడ దారిలో ఒక పల్లె. కూలిపని చేసుకునే ఎల్లయ్య భార్యకు కాన్పయ్యాక నెత్తురు ఆగలేదు. మూడు కోసుల అవతల ఊళ్లో మందులిస్తున్న డాక్టర్ సాబ్‌కు కబురు పోయింది. ఆయన సూది మందు తీసుకొని బయలుదేరాడు. ఇటు ఎల్లయ్య, ఎదురు పోదామని, ఆమెను ఎడ్లబండిలో గడ్డి మీద పడుకోబెట్టి ఎడ్లను కట్టాడు. సరిగ్గా అప్పుడు చప్పుడు వినబడింది. నేను పెంచిన చప్పుడు. ఎడ్లను విప్పేశాడు.

పల్లె ఇంకా కోసెడు దూరం ఉండగా ఇంజను పట్టేసి ఆగిపోయింది. డాక్టర్ సాబ్ సంచి భుజాన వేసుకొని ఎండలో నడిచాడు, పరిగెత్తాడు. చేరేసరికి ఆమె లేదు.

మూడోనాడు ఆ ఎడ్లబండిలోనే మోటారుసైకిల్‌ను వేసుకొని డాక్టర్ సాబ్, ఎల్లయ్య ఇద్దరూ నా దుకాణానికి వచ్చారు. ఇంజను విప్పాను. పిస్టన్ నెత్తిన బొక్క పడి ఉంది. నా అలవాటు ప్రకారం అది గుమ్మడికాయంత ఉండాలి. కాదు, చిటికెనవేలు పట్టేంత.

"జోరుగ కొట్టిన మిస్త్రీ," అన్నాడు డాక్టర్ సాబ్. "నేనే కాల్చిన."

ఎల్లయ్య నేలకేసి చూస్తూ అన్నాడు: "చప్పుడు ఇనంగనే ఎడ్ల ఇడిసిన. కుదుపులకు ఇంక నెత్తురు పోతదని. ఒచ్చిండే, ఇగ ఒచ్చిండే అన్న. ఇన్నది, జర నవ్వింది. మల్ల చప్పుడు బందయింది. నీళ్లు తాగనీకి ఆగిండనుకున్న. నేను ఎడ్ల ఇడువకుంటే సగం తొవ్వల కలుస్తుంటిమి గాదె, మిస్త్రీ?"

నా తప్పును వాళ్లిద్దరూ చెరి సగం ఎత్తుకొని నా ఎదుటే నిలబడ్డారు. నేను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఎండకు పట్టేసింది, ఎవలేం జేస్తరు," అన్నాను. డాక్టర్ సాబ్ మళ్లీ ఆ మోటారుసైకిల్ ఎక్కలేదు. బదిలీ అయి వెళ్లిపోయాడు. ఎల్లయ్య ఊరు విడిచాడు. ఇప్పుడు ఎవరిని వెతికి చెప్పను? చెబితే మాత్రం ఏం తిరిగొస్తుంది?

కోళ్లు, మామ, దున్నపోతులు: ఆ కోతలు మీరే ఏరేసి ఉంటారు. ఒక్కటి మీకు దొరికి ఉండదు. బొంబాయి ఉత్తరాలు. ఒక్కటీ రాయలేదు. ఆ పదిమందీ నవ్విన రోజున, బండితో పాటు వచ్చిన పెద్ద జెట్టును డాక్టర్ సాబే నా అరచేతిలో పెట్టాడు. నేను దాన్ని పెట్టెలోకి విసిరాను. అది వేస్తే ఆయన మాటే నిజమని తేలుతుంది. అందుకే వేయలేదు.

ఇప్పటికీ ఆ పెట్టెలోనే ఉంది. పెసరగింజంత ఇత్తడి. అంతకంటే పెద్దది కాదు.