పిన్ని వేపిన వాము

ఆ దినుసుల కొట్టులో వాము వేపే ఆవిడని వీధంతా ముక్కుపిన్ని అంటారు. ఆ ముక్కుని దాటుకుని వాసన పోయిన గింజ పొయ్యి ఎక్కదు మరి. పనికి వచ్చే రోజు ఆ వాసనలు అడ్డొస్తాయని తలకి నూనె రాయదు, పూలు పెట్టుకోదు. గుప్పెడు గింజలు అరచేతిలో నలిపి, ఘాటు తగిలితేనే మూకుట్లో పోస్తుంది. ఆ వామే వీధిలో రొట్టెల పిండిలోకీ, అజీర్తి చేసినవాళ్ల వేడినీళ్లలోకీ, పడిశం పట్టినవాళ్లు వాసన చూసే మూటలోకీ వెళ్తుంది.

అలాంటి మనిషి ముందు యజమాని ఒక బస్తా వాము కుమ్మరించాడు. ఎంత నలిపినా వాసన లేదు. నూనె తీసే ఫ్యాక్టరీ సారమంతా లాగేసుకుని పారేసిన పిప్పి అది. మంచిదాంట్లో కలిపి కాస్త మాడ్చి వేపితే ఎవరికీ తెలియదని ఆయన సలహా. కాదంటే పొయ్యి ఇంకొకరికి అప్పగిస్తాడట. ఎంత పొగరు! ఆ కొట్టుకి జనం వచ్చేది ఆయన మొహం చూసి కాదు, పిన్ని మీద నమ్మకంతో. అయినా ఆవిడ పంటి బిగువున వేపింది. మంచం పట్టిన మొగుడున్నాడు, ఇల్లు ఆ పొయ్యి మీదే నడుస్తోంది. ఎవరైనా పిన్ని వేపిందేగా అంటూ పొట్లం అందుకుంటే మాత్రం తలెత్తలేకపోయేది.

ఆ వారంలోనే యజమాని భార్య వెనక గుమ్మంలోంచి వచ్చింది. ఈమధ్యే పురుడు పోసుకున్న కూతురికి కడుపుబ్బరమట, అన్నం సయించడం లేదట.

"కొట్టులోది వద్దు పిన్నీ. నీ ఇంట్లో మంచిది దాచుకునుంటే కొంచెం పెట్టవా," అంది గొంతు తగ్గించి.

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే ఇంటిల్లిపాదికీ తెలుసన్నమాట! వీధిలోవాళ్లకి పిప్పి, వాళ్లమ్మాయికి సారం! యజమాని భార్యని మొహం మీదే కడిగేసేదే. కానీ పచ్చి బాలింత ఏం పాపం చేసింది? ఇంటికెళ్లి తన డబ్బాలోది తెచ్చి, దోరగా వేపి ఆవిడ చేతిలో పెట్టింది.

తర్వాత పొయ్యి ఆర్పేసి, చేతులు కడుక్కుని, కొట్టు ముందు భాగంలోకి వచ్చింది. అక్కడ ఒకామె వాము పొట్లం అందుకోబోతోంది. యజమాని చూస్తుండగానే పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది కొనకమ్మా. నేనే వేపాను. అయ్యగారింట్లో మాత్రం దాన్ని వాడరు."